లైసెన్సుకి వారసులుంటారా?

మన హాస్టల్లో ఒక మాటకి ఉన్న పవర్ ఎప్పుడైనా గమనించారా? "మా తాతకి తుపాకీ ఉండేది." అంతే. మూడు బ్యాక్‌లాగులున్నవాడు కూడా ఆ మాట అనగానే ఒక మెట్టు పైకెక్కుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఏం తుపాకీ? ఇప్పుడెక్కడుంది? నువ్వు పేల్చావా?" అని మూగిపోతారు. "మా తాతకి నాలుగు గేదెలుండేవి" అంటే ఒక్కడూ మూగడు. ఆ ఇంట్లో పిల్లల్ని చదివించింది గేదెలే అయినా సరే.

ఆ మాట అనే అర్హత నాకూ ఉంది. మా తాతయ్యకి ఒక ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్ ఉండేది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడది ఎవరికి రావాలనే చర్చ మా ఇంట్లో నడుస్తోంది. "ముత్తాత కాలం నుంచి ఉన్నది, మన చేతుల్లోంచి పోకూడదు" అని పెదనాన్న పట్టు. నాన్న ఎటూ తేల్చలేదు. నా అభిప్రాయం నేనైతే ముందే చెప్పేస్తా. తుపాకీ అనే వస్తువు వారసత్వంగా రావచ్చు. దాన్ని పేల్చే అనుమతి మాత్రం రాకూడదు. ఇవి రెండూ వేరు. మన చట్టం వీటిని సగం విడదీసి, సగం కలిపి ఉంచింది. నా పేచీ అక్కడే.

ఓఓపీ క్లాసులో ఇన్‌హెరిటెన్స్ చెప్పేటప్పుడు అందరికీ తండ్రి-కొడుకు ఉదాహరణే చెప్తారు కదా. తండ్రి క్లాసులో ఉన్నవన్నీ కొడుకు క్లాసుకి వచ్చేస్తాయి, మళ్ళీ రాయక్కర్లేదు. కానీ అదే సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ కూడా ఉంది. అక్కడ పర్మిషన్ అనేది యూజర్‌ని చూసి ఇస్తారు. ఒక సిస్టమ్ అడ్మిన్ రిటైరైతే ఆయన రూట్ పాస్‌వర్డ్ వాళ్ళబ్బాయికి ఇవ్వరు. ఆయన కుర్చీ, ఆయన కాఫీ కప్పు ఇంటికి పంపిస్తారు, పాస్‌వర్డ్ మార్చేస్తారు. నేను తుపాకీ గురించి అడిగేది కూడా ఇంతే.

ఇప్పుడు చట్టం సంగతి. మన దగ్గర ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. ఆ మనిషి పోతే లైసెన్సు కూడా పోయినట్టే. తుపాకీ మాత్రం ఆస్తి కాబట్టి మిగులుతుంది. దాన్ని ఇంట్లో ఉంచుకుంటే నేరం. దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. తర్వాత వారసులకి రెండు దారులు. ఎవరో ఒకరు తమ పేరు మీద లైసెన్సు తెచ్చుకుని విడిపించుకోవడం, లేదా లైసెన్సున్న ఇంకొకరికి అమ్మేయడం. గడువు దాటినా ఏదీ చేయకపోతే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. చక్కగానే ఉంది. తర్వాత 2016 నియమాల్లో వారసుల కోసం ప్రత్యేకంగా ఒక తలుపు పెట్టారు. లైసెన్సుదారు చనిపోయాక మాత్రమే కాదు, బతికుండగానే, ఆయనకి 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, వారసుడి పేరు మీదకి లైసెన్సు ఇవ్వొచ్చు. దరఖాస్తు పెట్టాలి, పోలీసు ఎంక్వైరీ జరుగుతుంది, ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. నిజమే. కానీ "నీకెందుకు తుపాకీ?" అనే ప్రశ్నకి "మా నాన్నకి ఉండేది" అన్నదే ఒక జవాబుగా నిలబడిపోయింది. కొత్తగా అడిగేవాడు మాత్రం తనకి ప్రాణభయం ఉందనో, పొలానికి కాపలా కావాలనో కారణం చూపించుకోవాలి.

2019లో పార్లమెంటు ఈ చట్టాన్ని మార్చినప్పుడు జరిగింది ఇంకా ఇంట్రెస్టింగ్. అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకుల దాకా ఉంచుకోవచ్చు. ప్రభుత్వం మొదట తెచ్చిన బిల్లులో దాన్ని ఒకటికి తగ్గించారు. అభ్యంతరాలొచ్చాయి. తాతల నాటి తుపాకులు ఏం చేసుకోవాలి అనేది వాటిలో ముఖ్యమైనది. చివరికి చట్టమయ్యేసరికి ఆ ఒకటి రెండైంది. వారసత్వంగా వచ్చినా సరే రెండు దాటకూడదని రాశారు. రెండుకి మించి ఉన్నవాళ్ళు ఏడాదిలోగా మిగతావి అప్పగించాలన్నారు. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెంచారు. పెళ్ళిళ్ళలో సరదాకి గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదకి తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని చేర్చారు. ఈ చివరిదానికి మాత్రం నా ఫుల్ సపోర్ట్.

ఇదంతా చదివాక నాకు వచ్చిన డౌట్ ఒకటే. అసలు ఈ తుపాకులు మొదట ఎవరికి దొరికాయి?

లార్డ్ లిట్టన్ వైస్రాయ్‌గా ఉన్నప్పుడు 1878లో బ్రిటిష్ వాళ్ళు ఆయుధాల చట్టం తెచ్చారు. 1857 తిరుగుబాటు జరిగి అప్పటికి ఇరవై ఏళ్ళు. తెల్లవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు, మనకి కావాలి. ఎవరికి ఇస్తారు? తమ మీదకి ఎత్తడని నమ్మకం ఉన్నవాళ్ళకి ఇస్తారు. భూమి ఉన్నవాళ్ళకి, శిస్తు కట్టేవాళ్ళకి, దొర వస్తే మర్యాదలు చేసేవాళ్ళకి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడింది తుపాకుల కోసమే. మన్యం మనిషికి తుపాకీ కావాలంటే స్టేషన్ మీద పడటం తప్ప ఇంకో కౌంటర్ లేదు మరి.

మా ముత్తాతకి స్వాతంత్ర్యానికి కొన్నేళ్ళ ముందు లైసెన్సు వచ్చిందట. మాది కొల్లేరు పక్క ఊరు. చలికాలం వస్తే సరస్సులో పరజలు, బాతులు గుంపులు గుంపులుగా దిగేవి. తెల్లవారుజామున దోనెలో వెళ్ళి కొట్టుకొచ్చేవారట. ట్వెల్వ్ బోర్ తూటాలో ఒక్క గుండు కాదు, చిన్న చిన్న సీసపు గుళ్ళుంటాయి. పేల్చగానే చెదిరిపోతాయి కాబట్టి ఎగిరే పిట్టకి ఏదో ఒకటి తగులుతుంది. నాన్నమ్మ కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో పరజ కూర తింటుంటే పంటి కింద సీసం తగిలేదట. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కూరలో గుళ్ళు ఏరుకుని తినేవాళ్ళమంటుంది. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు ఇష్టమే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. అంటే మా ఇంటి తుపాకీకి ఉన్న అసలు పని నేను పుట్టకముందే పోయింది. తర్వాత లైసెన్సులో మిగిలింది "పంట రక్షణ, ఆత్మరక్షణ". మా పంట ఏంటంటే చేపల చెరువు. చేపల్ని ఎత్తుకుపోయే పిట్టల్ని బెదరగొట్టడానికి చెరువు గట్టు మీద కాపలా మనిషి డబ్బా కొడతాడు, టపాసులు పేలుస్తాడు. ఆ పనికి తాతయ్య తుపాకీ తియ్యడం ఎవరూ చూడలేదు.

మరి అదేం చేసేది? ఎక్కువగా పోలీసు స్టేషన్‌కి వెళ్ళొచ్చేది. ఎలక్షన్ నోటిఫికేషన్ వస్తే లైసెన్సు తుపాకులు అప్పగించమంటారు. పంచాయతీకి ఒకసారి, అసెంబ్లీకి ఒకసారి. పాత దుప్పట్లో చుట్టి, బండి వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి ఇచ్చేవారు. ఫలితాలొచ్చాక రసీదు చూపించి తెచ్చుకునేవారు. ఆ రసీదులు ఒక కట్టగా ఉన్నాయి. లైసెన్సుదారులందరినీ ఎన్‌డీఏఎల్ అనే జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కించి, ఒక్కొక్కరికి ఒక యూఐఎన్ నంబర్ ఇచ్చారు. అది లేకపోతే లైసెన్సు చెల్లదు. తాతయ్య ఆధార్ కార్డు ఎక్కడ పెట్టారో మర్చిపోయేవారు గానీ ఆ నంబర్ మాత్రం నోటికి వచ్చేది. దసరాకి ఆయుధ పూజలో దానికి బొట్టు పెట్టేవారు. ఇంజనీరింగ్‌లో చేరాక నా లాప్‌టాప్ కూడా దాని పక్కనే పెట్టి బొట్టు పెట్టారు. కుంకుమ కీబోర్డులోకి పోయి 'ఎల్' కీ ఇప్పటికీ గట్టిగా నొక్కితే తప్ప పడదు.

"ఎప్పుడూ ఎవర్నీ కాల్చలేదు కదా, దానివల్ల ఎవరికేం నష్టం?" అని పెదనాన్న అంటారు. ఈ మాట చాలా ఇళ్ళలో వింటాం. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోను. తుపాకీ పేలితేనే పనిచేసినట్టు కాదు. మా ఇంటి వసారాలో తాతయ్య వాలుకుర్చీ వెనక గోడకి రెండు కొయ్యలుండేవి. తుపాకీ వాటి మీదే ఉండేది. ఆ కుర్చీలో కూర్చునే ఆయన కూలీల లెక్కలు చూసేవారు. తాతయ్య చెడ్డ మనిషి అని నేను అనట్లేదు. ఆయన గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కానీ గొంతు పెంచే అవసరం ఎందుకు రాలేదు అన్నది కూడా అడగాలి కదా. ఎదురుగా నిలబడి "ఇంకో యాభై రావాలండీ" అనాల్సినవాడి కళ్ళకి ఆయన తల పైన ఏం కనపడేదో వాడినే అడగాలి. నాన్నమ్మని ఒకసారి అడిగాను. "లెక్క దగ్గర ఎవరూ గొడవ పడేవాళ్ళు కాదమ్మా" అంది. అది ఆవిడ గర్వంగానే చెప్పింది.

మా ఊళ్ళో లైసెన్సు తుపాకులు మూడు ఉండేవట. మూడూ పెద్ద వీధి మేడల్లోనే. పేటలో ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆ మూడూ "వారసత్వంగా" వస్తే ఎక్కడికి వస్తాయి? అదే వీధికి. అప్పట్లో ఎవర్ని నమ్మారు, ఎవర్ని నమ్మలేదు అన్న లిస్టే మళ్ళీ కాపీ-పేస్ట్ అవుతుంది. కింద పేరు మాత్రం మారుతుంది.

తెలంగాణ ఫ్రెండ్స్‌కి ఇది నేను చెప్పక్కర్లేదు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వస్తున్న జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల దగ్గర ఉన్నవి తుపాకులు. దొడ్డి కొమరయ్య పడిపోయింది ఆ కాల్పుల్లోనే. తర్వాత సాయుధ పోరాటంలో దళాలు గడీల్లోంచి తుపాకులు లాక్కున్నాయి. అవి కూడా ఎవరో తాతలు మనవలకి దాచినవే అయ్యుంటాయి. మా తాతయ్యకీ ఆ దేశ్‌ముఖ్‌కీ పోలిక పెట్టట్లేదు. "తరతరాల తుపాకీ" అనే మాట వినగానే మనకి మేడ మీద నుంచి కనపడే సీన్ ఒక్కటే గుర్తొస్తుంది, కింద నుంచి చూస్తే వేరే సీన్ ఉంటుంది, అంతే.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. నా రూమ్మేట్‌ది కూర్గ్ పక్కన ఊరు కాబట్టి ఆ వాదన నాకు రోజూ వినపడుతుంది. కొడవలకి బ్రిటిష్ కాలం నుంచీ ఆయుధాల లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుని కేంద్రం 2029 అక్టోబర్ దాకా పొడిగించింది. దాన్ని సవాలు చేస్తే 2021లో కర్ణాటక హైకోర్టు మినహాయింపునే సమర్థించింది. వాళ్ళకి కైల్‌పోద్ అని ఒక పండగ, ఆ రోజు తుపాకులకి పూలు పెట్టి పూజ చేస్తారు. ఇంట్లో మగపిల్లాడు పుడితే ఒకసారి పేలుస్తారు, ఎవరైనా పోతే రెండుసార్లు. కొండల్లో దూరదూరంగా ఉండే ఇళ్ళకి కబురు అలా చేరేది. అది వాళ్ళ జీవితంలో కలిసిపోయిన పని. పుట్టుకని బట్టి మినహాయింపు ఇవ్వడం నాకు అక్కడ కూడా మింగుడు పడదు, ఆడపిల్ల పుడితే ఎందుకు పేల్చరు అన్నది ఇంకో గొడవ. కానీ వాళ్ళకి కనీసం ఒక ఆచారం ఉంది. మనకేముంది? రెండు కొయ్యలు, ఒక వాట్సాప్ డీపీ. మన పెద్దవాళ్ళ ఆచారమే తియ్యాలంటే విరాటపర్వంలో పాండవులు ఆయుధాల్ని మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టేశారు. అవసరం వచ్చేదాకా ఆ వైపు చూడలేదు. గోడకి తగిలించుకుని ఫొటోలు దిగలేదు.

ఇంకో సంగతి ఎవరూ పైకి చెప్పరు. డబ్బు. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల్ని మామూలు మనుషులు దిగుమతి చేసుకోవడం ఆపేశారు. అందుకని అంతకుముందు వచ్చిన పాత ఇంగ్లీషు, అమెరికన్ పిస్టళ్ళు, రివాల్వర్లు ఉన్నవాళ్ళకి అవి బంగారం. వాటి అసలు విలువ కన్నా ఎన్నో రెట్లు పలుకుతాయి. "మా తాత జ్ఞాపకం" అని కళ్ళు తుడుచుకునే కొన్ని చోట్ల తగువు అసలు దీని గురించే. మాది అంత ఖరీదైన సరుకు కాదు లెండి. మా తగువులో డబ్బు లేదు, పరువు ఉంది. పరువైతే ఇంకా కష్టం, దాన్ని భాగాలు పంచుకోలేం.

మరి నిజంగా అవసరం ఉన్న రైతు? అడవి అంచున చేలున్న ఊళ్ళలో పందులు ఒక్క రాత్రిలో పంటని దున్నేస్తాయి. లైసెన్సు తుపాకీ ఉన్నా అనుమతి లేకుండా అడవిపందిని కాల్చకూడదు. దాంతో చాటుగా కంచెకి కరెంటు పెడతారు. ఆ తీగ తగిలి తెల్లారేసరికి మనుషులు పోయిన వార్తలు మనం ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాం. లైసెన్సు అంటూ ఇస్తే ఇలాంటి అవసరాన్ని చూసి, శిక్షణ చూసి, ఆ మనిషిని చూసి ఇవ్వాలి. తాత ఫొటో చూసి కాదు.

అందుకని నేను కోరేది పెద్దదేం కాదు. వారసుడు కూడా అందరిలాగే క్యూలో నిలబడాలి. తన అవసరం ఏంటో తనే చెప్పాలి. చెప్పలేకపోతే తుపాకీని అమ్మేసి డబ్బు పంచుకోవాలి. లేదా, జ్ఞాపకమే ముఖ్యమైతే, ఇంకెప్పటికీ పేలకుండా దాని లోపల భాగాలు తీసేసి, ఆ మేరకు సర్టిఫికెట్ ఇచ్చి ఇంటికి పంపే పద్ధతి ప్రతి జిల్లాలో సులువుగా దొరకాలి. తాతయ్య చెయ్యి అరిగించిన ఆ చెక్క పిడి, పైన గీతలు, బొట్టు మరక, అన్నీ అలాగే ఉంటాయి. పోయేది పేలడం ఒక్కటే. జ్ఞాపకం కోసం కావాలి అనేవాళ్ళకి ఇది చాలాలి. చాలదు అంటే వాళ్ళకి కావాల్సింది జ్ఞాపకం కాదేమో.

ఇక మా ఇంటి సంగతి. పెదనాన్న లెక్క ప్రకారం అది మా అన్నయ్యకి రావాలి. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, సంక్రాంతికి కూడా రావడం లేదు. కాబట్టి ప్రస్తుతానికి పెదనాన్న తన పేరు మీద తీసుకుని "వాడి కోసం ఉంచుతా" అంటున్నారు. నాకు 19, లైసెన్సుకి 21 నిండాలి కాబట్టి నేనెలాగూ లెక్కలో లేను. ఇరవై ఒకటి నిండినా ఉండేదాన్ని కాదని నాకు తెలుసు. నియమాల్లో వారసులంటే కొడుకులే అని ఎక్కడా లేదు, కూతురు కూడా వారసురాలే. అది చదివాక నేను ఇంట్లో "అత్తని అడిగారా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ తుపాకీకి నూనె పెట్టడం, గొట్టంలో గుడ్డ దూర్చి తుడవడం, విప్పి మళ్ళీ బిగించడం తాతయ్య నేర్పింది అత్తకే. పెదనాన్నకి, నాన్నకి దాన్ని విప్పడం కూడా రాదు.

నేనే అత్తకి ఫోన్ చేశాను. "నాకెందుకే అది, పెట్టుకోవడానికి మా అపార్ట్‌మెంట్లో చోటేదీ" అంది మొదట. కాసేపాగి, "అడిగుంటే బాగుండేది" అంది. ఆ తర్వాత కరెంటు పోయిందని ఫోన్ పెట్టేసింది.

పెదనాన్న దరఖాస్తుకి మిగతా వారసులు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. నాన్నమ్మ పెట్టేసింది. అత్తకి కాగితం కొరియర్‌లో పంపారట, తిరిగి రాలేదు. నాన్నది టీవీ స్టాండ్ కింద అరలో ఉంది. పోయిన వారం నాన్న ఫోన్లో "నువ్వేమంటావు?" అని అడిగారు. ఫోన్లో ఇంత చెప్పలేక రాసి పంపిస్తానన్నాను. ఈ సంచిక లింకు ఆయనకే ముందు ఫార్వర్డ్ చేస్తున్నాను. పెదనాన్న ఫ్యామిలీ గ్రూపులో ఉన్నారు కాబట్టి అక్కడ మాత్రం పెట్టట్లేదు. ఆయనకి ఎవరు పంపినా నాకు ఓకే.